బంగారు రేకు మీద తెలుగు సంతకం

గౌలిగూడ మెట్రో స్టేషన్ కట్టిన కంపెనీ పేరులో ఇద్దరు డెన్మార్క్ వాళ్లున్నారు. వాళ్లకన్నా మూడు వందల ఏళ్ల ముందే ఆ దేశపు రాజుకు ఒక తెలుగు ప్రభువు ఉత్తరం రాశాడు. అదీ బంగారం మీద!

గౌలిగూడ అనగానే హైదరాబాదీలకు గుర్తొచ్చేది బస్సులే. మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, దాని పక్కనే మెట్రో స్టేషన్. మియాపూర్ నుంచి నాంపల్లి మీదుగా ఎల్బీనగర్ వెళ్లే రైలు, జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి సుల్తాన్‌బజార్ మీదుగా వచ్చే రైలు కలిసేది ఇక్కడే. రోజూ ఆ మెట్లెక్కి దిగేవాళ్లు 'ఎల్ అండ్ టి' అన్న అక్షరాలను ఎన్నిసార్లు చూసి ఉంటారో లెక్కలేదు. 'ఎల్' అంటే లార్సెన్, 'టి' అంటే టూబ్రో. ఇద్దరూ కోపెన్‌హేగన్‌లో చదువుకున్న ఇంజినీర్లు. ఇంతకీ వాళ్లు ఇక్కడికెలా వచ్చారు?

సిమెంటు కోసం వచ్చారు. డెన్మార్క్‌లో ఎఫ్.ఎల్.స్మిత్ అనే కంపెనీ ప్రపంచమంతటికీ సిమెంటు యంత్రాలు అమ్మేది. ఆ కంపెనీ పని మీద సోరెన్ క్రిస్టియన్ టూబ్రో 1934లో, హెనింగ్ హోల్క్-లార్సెన్ 1937లో మన దేశానికి వచ్చారు. ఓసారి సెలవులకు బొంబాయి దగ్గరి మాథేరాన్ కొండకు వెళ్లినప్పుడు, ఇక ఒకరి దగ్గర పనిచేయడం చాలు, సొంతంగా ఏదైనా చేద్దామనుకున్నారు. 1938 మే 1న బొంబాయిలో భాగస్వామ్య సంస్థ పెట్టారు. వాళ్లు తీసుకున్న ఆఫీసు ఎంత చిన్నదంటే, ఒకరు లోపల కూర్చుంటే రెండోవాళ్లు బయట తిరగాల్సిందేనట!

మరి మొదట్లో ఏం అమ్మారు? పాల యంత్రాలు. డెన్మార్క్‌లో తయారైన డెయిరీ పరికరాలను ఇక్కడికి తెప్పించి అమ్మేవారు. 1940లో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించడంతో ఓడలు రావడం ఆగిపోయింది. సరుకు లేదు, వ్యాపారం మూసుకోవాలి. ఇద్దరూ చిన్న వర్క్‌షాప్ తెరిచి ఆ పాల యంత్రాలను తామే తయారు చేయడం మొదలుపెట్టారు. యుద్ధకాలంలో ఓడల మరమ్మతులు కూడా చేశారు. 1946 ఫిబ్రవరి 7న లార్సెన్ అండ్ టూబ్రో లిమిటెడ్ కంపెనీగా రిజిస్టర్ అయింది. సరిగ్గా డెబ్బై నాలుగేళ్లకు, 2020 ఫిబ్రవరి 7న, జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి గౌలిగూడకు మెట్రో ప్రారంభమైంది. తేదీలు కలవడం కాకతాళీయమే!

ఆ మెట్రో అంత సాఫీగా ఏమీ రాలేదు. సుల్తాన్‌బజార్ మీదుగా రైలు వద్దని అక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. 2025 సెప్టెంబరులో ఈ మెట్రోను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించడానికి కంపెనీ, ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాయి. టూబ్రో 1982లో పోయారు. ఈ దేశాన్నే ఇల్లుగా చేసుకున్న హోల్క్-లార్సెన్‌కు 2002లో పద్మభూషణ్ వచ్చింది, ఆ మరుసటి ఏడాది కన్నుమూశారు.

ఇక్కడే ఇంకో ముచ్చట. గౌలీలంటే పాలవాళ్లు. వాళ్ల గూడెం కాబట్టి గౌలిగూడ అయిందంటారు. పాల యంత్రాలతో కడుపు నింపుకోవడం మొదలుపెట్టిన కంపెనీ పాలవాళ్ల పేటలో రైలు నడిపింది మరి!

ఆవులెన్నున్నా ఓటు ఒక్కటే

పాల దగ్గరికి వచ్చాం కాబట్టి డెన్మార్క్ వాళ్ల గురించి ఓ మాట. తెలంగాణలో సగం కూడా లేని దేశం అది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా, రష్యాల నుంచి చవక ధాన్యం ఐరోపాను ముంచెత్తింది. ధాన్యం పండించే డెన్మార్క్ రైతు కుదేలయ్యాడు. ధాన్యం వదిలి పాడి పట్టాడు. 1882లో యెడ్డింగ్ అనే పల్లెలో రైతులంతా కలిసి ఒక వెన్న కేంద్రం పెట్టుకున్నారు. ఎవరింటి పాలు వాళ్లు చిలుక్కోవడం మానేసి, ఒకేచోట పోసి, ఒకేరకం వెన్న తీసి, లాభం పాల లెక్కన పంచుకోవడం. ఓటు మాత్రం మనిషికొకటే, ఆవులు రెండున్నా యాభై ఉన్నా సరే. కొద్ది ఏళ్లలోనే దేశమంతటా వందల కేంద్రాలు వెలిశాయి. ఇంగ్లండు వాళ్ల రొట్టె మీద డెన్మార్క్ వెన్న చేరింది. తర్వాతి కాలంలో మన ఊళ్లలో పాల సంఘాల దగ్గర పొద్దున్నే క్యాన్లతో నిలబడ్డ రైతులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

తంజావూరు నుంచి కోపెన్‌హేగన్‌కు

అసలు కథ అంతకు చాలా ముందే మొదలైంది.

క్రిస్టియన్-4 అని డెన్మార్క్‌కు ఒక రాజుండేవాడు. భవనాల పిచ్చి ఉన్నవాడు. కోపెన్‌హేగన్‌లో ఈరోజు పర్యాటకులు ఫొటోలు దిగే చాలా కట్టడాలు ఆయన చలవే. మెట్లు లేకుండా పైదాకా చుట్టుకుంటూ వెళ్లే దారి ఉన్న గుండ్రటి బురుజు ఆయనదే, 1642లో పూర్తయింది. రష్యా చక్రవర్తి పీటర్ 1716లో దాని మీదికి గుర్రమెక్కి వెళ్లాడంటారు. నాలుగు డ్రాగన్ల తోకలు పెనవేసుకుని ఆకాశంలోకి లేచే శిఖరంతో ఉన్న పాత స్టాక్ ఎక్స్చేంజి భవనమూ ఆయన మొదలుపెట్టిందే.

డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు తూర్పు దేశాల మిరియాలతో డబ్బు చేసుకోవడం చూసి ఆయనకూ ఆశ పుట్టింది. 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. 1618లో ఓవే గెడ్డే నాయకత్వంలో ఓడలు బయల్దేరాయి. గమ్యం సింహళం. రెండేళ్ల ప్రయాణం! దారిలో సగానికి పైగా మనుషులు చనిపోయారు. తీరా చేరాక సింహళంలో పని కాలేదు. ముందుగా పంపిన ఓడనేమో కారైకాల్ దగ్గర పోర్చుగీసువాళ్లు నాశనం చేశారు. దాంట్లోంచి ప్రాణాలతో బయటపడ్డ రోలాండ్ క్రాప్పే అనే వ్యాపారి, మరో పదమూడు మందితో తంజావూరు ప్రభువు ఎదుట నిలబడ్డాడు.

ఆ ప్రభువే రఘునాథ నాయకుడు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఈ పేరు పరిచయం చేయక్కర్లేదు. చేమకూర వెంకటకవి 'విజయవిలాసం' అంకితం పుచ్చుకున్నది ఈయనే. తానే స్వయంగా కవి, వీణ వాయించేవాడు, ఆయన ఆస్థానంలో రామభద్రాంబలాంటి విదుషీమణులు ఉండేవారు. ప్రజలు మాట్లాడేది తమిళం, కొలువులో వెలిగేది తెలుగు. అలాంటి కొలువులోకి ఉన్నదంతా పోగొట్టుకున్న ఒక పరదేశి వచ్చాడు. రఘునాథుడికి పోర్చుగీసువాళ్ల మీద అంత నమ్మకం లేదు. ఇంకో వ్యాపారి వస్తే పోటీ పెరిగి తనకే లాభం. 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. సముద్రపు ఒడ్డున ఉన్న తరంగంబాడి అనే పల్లెలో కోట కట్టుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, ఏటా 3,111 రూపాయలు కట్టాలి.

ఆ సందర్భంలోనే రఘునాథుడు డెన్మార్క్ రాజుకు లేఖ పంపాడు. కాగితం మీద కాదు, తాటాకు మీద కాదు, పల్చటి బంగారు రేకు మీద. లేఖ తమిళంలో ఉంది. కింద సంతకం తెలుగులో! పాలించే జనం భాషలో మాట, తన భాషలో సంతకం. నాలుగు శతాబ్దాలు గడిచినా ఆ రేకు కోపెన్‌హేగన్‌లోని డెన్మార్క్ జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది.

బందరు బాకీలు

కోట తరంగంబాడిలో కట్టారు గానీ, డబ్బు వాసన వచ్చింది మాత్రం బందరు వైపు నుంచి. అప్పట్లో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సింహద్వారం. చార్మినార్ కట్టి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు. కోస్తా నేత బట్టలకు తూర్పు దీవుల్లో యమ గిరాకీ. ఇక్కడ బట్ట కొని, మకస్సర్ రేవులో లవంగాలకు మార్చి, ఆ లవంగాలు అమ్మి మళ్లీ బట్ట కొనడం... ఇదీ లెక్క. 1620ల మధ్యనుంచి డేన్లు బందరులో కొట్లు పెట్టుకుని కూర్చున్నారు.

చిక్కేమిటంటే, చేతిలో పైకం లేదు. డెన్మార్క్ రాజు ఇంటి దగ్గర యుద్ధాల్లో మునిగిపోయి ఓడలు పంపడం తగ్గించేశాడు. బందరులో వాళ్ల పెద్ద బెర్న్ట్ పెస్సార్ట్ స్థానిక వ్యాపారుల దగ్గర అప్పుల మీద అప్పులు చేశాడు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు! తర్వాత ఆయనే తరంగంబాడికి పెద్దయ్యాడు. 1643లో ఆయన స్థానంలో కూర్చోవడానికి విలెమ్ లేయెల్ అనే అధికారి డెన్మార్క్ నుంచి వస్తే, కోటలోకే రానివ్వలేదు. చివరికి పెస్సార్ట్ ఉడాయించాడు. 1645లో ఫిలిప్పీన్స్‌లో ఆయన కథ ముగిసింది.

బందరు కోట ప్రాంతంలో డచ్చివాళ్ల సమాధులు నేటికీ ఉన్నాయి. డేన్లు వదిలిపెట్టింది మాత్రం ఇలాంటి బాకీల కథలే.

మిగిలింది ఒక్కడే

తర్వాతిది సినిమాకు పనికొచ్చే కథ. 1650లో కంపెనీనే రద్దు చేశారు. తరంగంబాడిలో ఉన్న డేన్లు జబ్బులతో ఒక్కొక్కరే చనిపోయారు. 1655 నాటికి కోటలో మిగిలిన డేన్ ఒక్కడంటే ఒక్కడు. పేరు ఎస్కిల్డ్ ఆండర్సన్ కాంగ్స్‌బాకె. మామూలు మనిషి. స్వదేశం నుంచి ఓడ లేదు, జీతం లేదు, 'నువ్వే అధికారివి' అని చెప్పేవాళ్లూ లేరు. అయినా జెండా దించలేదు. స్థానికులను, పోర్చుగీసు సంతతివాళ్లను కూడగట్టుకుని, బంగాళాఖాతంలో వెళ్లే ఓడలను పట్టుకుని ఆ సొమ్ముతో కోట నడిపాడు. దోపిడీయే, ఇంకో మాట లేదు. తంజావూరుకు కప్పం కట్టకపోతే సైన్యం వచ్చి ముట్టడించింది. ఆయన ఊరి చుట్టూ గోడ కట్టించి తట్టుకున్నాడు.

పద్నాలుగేళ్లు! 1669లో 'ఫేరో' అనే ఓడ రేవులో ఆగింది. చాలా ఏళ్ల తర్వాత డెన్మార్క్ నుంచి వచ్చిన తొలి ఓడ అది. కాంగ్స్‌బాకెను కోటకు అధిపతిగా నియమించినట్టు అది వార్త తెచ్చింది.

అచ్చులోకి అక్షరం

ఇక మనకు నేరుగా సంబంధించిన కథ. డెన్మార్క్ రాజు ఫ్రెడరిక్-4 పంపిన జర్మన్ మత ప్రచారకులు 1706లో తరంగంబాడికి వచ్చారు. వాళ్లు జర్మనీలోని హాలే పట్టణం నుంచి వచ్చినవాళ్లు, ఖర్చు డెన్మార్క్‌ది. అచ్చు యంత్రం తెప్పించి తమిళ పుస్తకాలు వేశారు. ఆ బృందంలో 1719లో చేరినవాడు బెంజమిన్ షుల్జ్. తోటివాళ్లతో పొసగక 1726లో మద్రాసు వెళ్లాడు. ఆ వెళ్లడమే తెలుగుకు కలిసొచ్చింది. మద్రాసు వీధుల్లో తమిళంతోపాటు తెలుగు జోరుగా వినిపించేది. షుల్జ్ తెలుగు నేర్చుకున్నాడు. 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశాడు. బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అచ్చు వేద్దామంటే తెలుగు అక్షరాల దిమ్మెలు ఎక్కడున్నాయి?

1743లో తిరిగి హాలే వెళ్లాక అక్కడే తెలుగు అక్షరాలు పోతపోయించాడు. 1746, 1747 సంవత్సరాల్లో చిన్న చిన్న మత పుస్తకాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా పండితులు చెప్పేది వీటినే. తెలుగు గాలి సోకని ఊళ్లో, తెలుగు రాని పనివాళ్లు మన గుణింతాలను సీసంలో పోశారన్నమాట! భాష చదవడానికి కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుందని వేరే చెప్పాలా?

రెండో అంకం బెంగాల్లో. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపురం 1755 నుంచి డేన్లది. ఇంగ్లిషు కంపెనీ తన ఇలాకాలో మత ప్రచారకులను రానిచ్చేది కాదు. దాంతో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1800 నాటికి డెన్మార్క్ జెండా నీడకు చేరారు. అక్కడి ముద్రణాలయంలో ఎన్నో భారతీయ భాషలకు అచ్చు అక్షరాలు తయారయ్యాయి. 1812 మార్చిలో అగ్నిప్రమాదం జరిగి కాగితం, అక్షరాలు, రాతప్రతులు బుగ్గయ్యాయి. అయినా ఆగలేదు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడే వెలువడ్డాయి. మత ప్రచారం వాళ్ల ఉద్దేశం, అందులో దాపరికం లేదు. కానీ ఆ దారిలోనే తాటాకు మీది తెలుగు కాగితం మీదికి వచ్చింది.

గౌలిగూడ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. 1901లో మొదలైన ఆ గ్రంథాలయం నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి నీడనిచ్చింది. అక్కడి బీరువాల్లోని పుస్తకాలన్నిటికీ హాలేలో పోతపోసిన ఆ వంకరటింకర అక్షరాలు ముత్తాతల వరస.

ఉట్టిలాంటి పీపా, పాయసంలో బాదం

చరిత్ర పక్కన పెట్టి కాసేపు పండుగల్లోకి వెళ్దాం. ఈస్టర్‌కు ఏడు వారాల ముందు డెన్మార్క్ పిల్లలకు 'ఫాస్టెలావ్న్' పండుగ. వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి పాటలు పాడి తీపి బన్నులు అడుగుతారు. ఆపైన ఒక చెక్క పీపాను తాడుతో వేలాడదీస్తారు. వరసగా వచ్చి కర్రతో కొట్టాలి. పీపా పగిలి మిఠాయిలు రాలితే కేరింతలు! అడుగు పగలగొట్టినవాళ్లు 'పిల్లి రాణి', చివరి చెక్క రాల్చినవాళ్లు 'పిల్లి రాజు'. పాతకాలంలో పీపాలో నిజంగానే పిల్లిని పెట్టేవారట, ఆ పాపిష్టి పని ఎప్పుడో మానేశారు. కృష్ణాష్టమి నాడు మన వీధుల్లో ఉట్టి కొట్టడం చూసినవాళ్లకు ఇది ఎంత దగ్గరగా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

జూన్ 23 రాత్రి సముద్రపు ఒడ్డున పెద్ద మంటలు వేసి, మంత్రగత్తె బొమ్మను కాల్చి, చుట్టూ చేరి పాడుకుంటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతారు. భోజనం చివర పాలు, బియ్యం, మీగడతో చేసిన చల్లటి పాయసం. గిన్నె మొత్తంలో తునకలు చేయని బాదంపప్పు ఒకే ఒక్కటి వేస్తారు. అది ఎవరి వంతుకు వస్తే వాళ్లకు బహుమతి. దొరికినవాడు బుగ్గలో దాచుకుని కిమ్మనకుండా కూర్చుంటాడు, మిగతావాళ్లు పొట్ట పగిలేదాకా తింటూనే ఉంటారు. పుట్టినరోజు ఎవరిదైనా బల్ల మీద చిన్న జాతీయ జెండా ఉండాల్సిందే.

ఇక ఆండర్సన్ కథలు తెలియని ఇల్లేది? అందవికారపు బాతుపిల్ల, ఒంటి మీద నూలుపోగు లేని రాజుగారు ఆయన సృష్టే. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 2నే ప్రపంచం బాలల పుస్తక దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆయన జలకన్య 1913 నుంచి కోపెన్‌హేగన్ ఒడ్డున రాతి మీద కూర్చుని ఉంది. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు మాత్రమే. ప్రపంచ ప్రఖ్యాత విగ్రహమని వెళ్లినవాళ్లు 'ఇంతేనా!' అనుకోవడం మామూలు.

అమ్మేసిన ఊళ్లు, నిలబెట్టిన గోడలు

1845లో డెన్మార్క్ తరంగంబాడిని, శ్రీరాంపురాన్ని పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లిషు కంపెనీకి అమ్మేసింది. సంబంధం తెగిపోయినట్టే. కానీ అమ్మేసిన ఇంటి మీద మమకారం పోలేదు. డెన్మార్క్‌లో తరంగంబాడి కోసం ఒక సంఘమే పుట్టింది. తమిళనాడు పురావస్తు శాఖ, డెన్మార్క్ జాతీయ మ్యూజియం తదితరులు కలిసి కోటను, గవర్నరు బంగళాను బాగుచేశారు. శ్రీరాంపురంలో కూలిపోయే దశకు వచ్చిన సెయింట్ ఓలావ్ చర్చిని 2016లో తిరిగి తెరిచారు, దానికి యునెస్కో అవార్డు వచ్చింది. 1786 నాటి డెన్మార్క్ టావెర్న్ అయితే పైకప్పు పోయి మొండిగోడలతో ఉండేది. దాన్నీ నిలబెట్టి 2018లో తలుపులు తీశారు.

అదే 2018లో జులై 5 తెల్లవారుజామున గౌలిగూడలో పాత బస్టాండు కూలిపోయింది. విమానాల షెడ్డులా అర్ధచంద్రాకారంలో ఉండే ఆ ఇనప కట్టడం నిజాం కాలం నాటిది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా వ్యవస్థకు ఆనవాలు. 1994లో కొత్త బస్‌స్టేషన్ వచ్చాక సిటీ బస్సులకు పనికొచ్చింది. కప్పు కుంగుతోందని గమనించి కొద్దిరోజుల ముందు బస్సులు ఆపేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. పట్టణం నడిబొడ్డున, వేలమంది కళ్లెదుట ఉన్న కట్టడానికి మరమ్మతు చేసే నాథుడు లేకపోయాడు. దేశం కాని దేశంలో, ఎప్పుడో అమ్ముకున్న సారాయి కొట్టును పట్టుబట్టి నిలబెట్టుకున్నవాళ్లను చూస్తే కాస్త ఈర్ష్య కలగక మానదు.

అలాగని డెన్మార్క్ వాళ్లకు ఏదీ చేజారదని కాదు. 2024 ఏప్రిల్ 16న కోపెన్‌హేగన్‌లో ఆ డ్రాగన్ తోకల శిఖరం మంటల్లో కూలిపోయింది. క్రిస్టియన్-4 నాటి స్టాక్ ఎక్స్చేంజి భవనం సగం దగ్ధమైంది. దారిన పోయేవాళ్లు కూడా లోపలికి పరిగెత్తి పాత చిత్రపటాలను భుజాన వేసుకుని బయటికి తెచ్చారు. పాత పద్ధతిలోనే, పాత కొలతలతోనే తిరిగి కడతామని చెప్పి పని మొదలుపెట్టారు.

చూడాలనుకునేవారికి తరంగంబాడి మరీ దూరమేం కాదు. చెన్నై నుంచి రైల్లో మయిలాడుదురై చేరితే అక్కడి నుంచి బస్సులో గంట ప్రయాణం. ఊరి మొదట్లో 1792 నాటి ద్వారం మీద డెన్మార్క్ రాజముద్ర కనిపిస్తుంది. లోపల రాజవీధి, దానికి చివర సముద్రం. ఒడ్డున డాన్స్‌బోర్గ్ కోటలో మ్యూజియం ఉంది. కోటకు కాస్త అవతల డేన్లు రావడానికి మూడు వందల ఏళ్ల ముందే, 1306లో, పాండ్యరాజు కట్టించిన మాసిలామణి నాథుడి గుడి. దానిలో చాలా భాగాన్ని అలలు ఎప్పుడో పట్టుకుపోయాయి.